ఉప్పు పడేలోగా

మిషిగన్‌లో మా వైపు కార్లను చంపేది యాక్సిడెంట్లు కావు, ఉప్పు. నవంబర్లో మొదటి మంచు పడిన రోజు నుంచి ఏప్రిల్ దాకా కౌంటీ లారీలు రోడ్ల మీద ఉప్పు చల్లుకుంటూ తిరుగుతాయి. మంచు కరుగుతుంది, బళ్ళు జారవు, అది నిజమే. కానీ ఆ ఉప్పునీళ్ళు కారు అడుగున చేరి ఇనుప రేకుని చెద తిన్నట్టు తినేస్తాయి. అందుకని పాత కారున్న వాడెవడైనా సరే, మొదటి ఉప్పు లారీ కనపడగానే దాన్ని షెడ్డులో పెట్టి తలుపేస్తాడు. వసంతంలో నాలుగు గట్టి వానలు పడి రోడ్లు కడుక్కుపోయాకే మళ్ళీ బయటికి తీస్తాడు. ఇదేమీ చట్టం కాదు. చట్టాన్ని మీరేవాళ్ళు మా దగ్గర బోలెడుమంది ఉన్నారు గానీ దీన్ని మీరినవాణ్ణి నేను చూడలేదు.

నా పేరు లోరెట్టా పైక్. అందరూ రెట్టా అంటారు. ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపాను. పొద్దున పిల్లల్ని దించాక మళ్ళీ సాయంత్రం ఎక్కించుకునేదాకా ఆ బస్సులకే రిపేర్లు చేసేదాన్ని. నాకు నోరెక్కువంటారు. యాభై మంది పిల్లల్ని వెనకేసుకుని మంచులో బస్సు నడిపినదానికి నోరు తక్కువెలా ఉంటుంది, మీరే చెప్పండి!

నా రూటులో, చక్కెర దుంపల పొలాల మధ్య, ఎర్విన్ షూబెల్ గారి ఇల్లు వచ్చేది. ఇంటి పక్కన పెద్ద కొట్టం, కొట్టానికి ఆనుకుని ముందు గోడ లేని పాక, ఆ పాకలో ఒక షెవెల్ కారు. 1970 నాటిది, రెండు తలుపులది. మజిల్ కారంటే తెలుసుగా, మామూలు కారు ఒంట్లో రాక్షసి ఇంజన్ పెట్టి వదిలిన బండి. అలాంటిది నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయి, బానెట్ కింద ఇంజనే లేక, దీపాల గుంతల్లో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకుని పడి ఉండేది. బస్సు సీటు ఎత్తు కాబట్టి నాకది రోజుకు రెండుసార్లు కనిపించేది. సెప్టెంబర్లో చూసినప్పటికన్నా జూన్‌లో వేలెడు కిందికి దిగేది. బస్సాపి దిగి దాన్ని ఎత్తుకుపోవాలనిపించేది నాకు, ఒట్టు.

దారినపోయే ప్రతి మగాడూ ఆగి దాన్ని బేరం అడిగేవాడు. షూబెల్ గారి జవాబు ఒకటే: "అమ్మను. బాగుచేసుకుంటా." చివరికి విసుగొచ్చి ఒక చెక్క మీద అదే రాసి పాక స్తంభానికి కొట్టాడు. బాగుచేసిందీ లేదు, అమ్మిందీ లేదు. మా దేశంలో ప్రతి పల్లెలోనూ ఇలాంటి కారొకటి, ఇలాంటి ముసలాయనొకడు ఉంటారు.

రెండువేల పద్నాలుగు జూన్‌లో నా ఉద్యోగం ఆఖరి రోజు. పిల్లలందరినీ దించేసి, ఖాళీ బస్సుని తిన్నగా తీసుకెళ్ళి ఆయన వాకిట్లో ఆపాను. ఆయన చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎనభై ఒకటి నిండిన మనిషి, ఆ ఎండలో కూడా ఉన్ని కోటు తొడుక్కుని ఉన్నాడు.

"ఈ ఇంట్లో బడికెళ్ళే వాళ్ళెవరూ లేరే, డ్రైవరమ్మా. దారి తప్పావా?"

"తప్పలేదు. మీ కారు కొందామని వచ్చా."

"చదువు రాదా నీకు? బోర్డు కనపళ్ళేదూ?"

"ఇరవై రెండేళ్ళుగా చదువుతూనే ఉన్నాను షూబెల్ గారూ. ఇప్పుడు ఆ బోర్డు కూడా పుచ్చిపోయింది. దాన్ని కూడా మీరే బాగుచేస్తారా?"

తిడతాడనుకున్నాను, పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. పొలం అమ్మేశాడట. నవంబర్ ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగకు ముందు రోజు కూతురు జానిస్ వచ్చి, టెనెస్సీలో వాళ్ళింటికి తీసుకెళ్ళిపోతుందట. కారునేం చేయాలో పాలుపోవడం లేదన్నాడు.

"సరే, ఏం రంగేస్తావో చెప్పు," అని అడిగాడు ఉన్నట్టుండి. "వచ్చినవాడల్లా ఎర్ర రంగేసి నల్ల గీతలు కొడతాననే అన్నాడు."

"ముందు దాన్ని నడవనివ్వండి. నడవని దానికి రంగేయడం పీనుగకు సింగారం చేసినట్టుంటుంది."

ఆయన కర్రని గోడకి ఆనించాడు. ఆ తర్వాత తన ధర చెప్పాడు. నేను బేరమాడలేదు. "ఒక్క షరతు," అన్నాడు. "నేను ఊరు విడిచేలోపు అది రోడ్డు మీద పోవాలి. షెడ్డులో గుర్రుగుర్రుమనిపించి చూపిస్తే కుదరదు. రోడ్డు మీద. నేను చూడాలి."

"ఓస్, అంతేనా! ఉప్పు పడేలోగా మీ వాకిట్లోకి నడుపుకొస్తా," అని చేతిలో చెయ్యేశాను. నా నోరు ఎక్కువని ముందే చెప్పానుగా.

మర్నాడు మా ఆయన గ్లెన్ ట్రైలర్ కట్టుకొచ్చాడు. కారుని దాని మీదికి లాగుతుంటే వెనక సీటు కింద నుంచి మూడు రకూన్లు, కుక్కపిల్లలంతేసి అడవి జంతువులు, దూకి పారిపోయాయి. ఇంజన్ కొట్టంలో విడిగా ఉంది. మీద టార్పాలిన్ పట్టా తీసి చూద్దును కదా, లోపల ఒక్క తుప్పు మరక లేదు! ఏటా వసంతంలో సిలిండర్లలో నూనె పోసేవాడట. నడవని ఇంజన్‌కి ఇరవై మూడేళ్ళు నూనె పోసిన మనిషి ఇంకెక్కడైనా ఉంటాడా? అప్పుడే నాకు అనుమానం రావలసింది, ఇది ఉత్త బద్ధకం కథ కాదని. రాలేదు. ఎందుకంటే అప్పటికే నా చూపు డబ్బాల మీద పడింది.

నలభై ఒక్క కాఫీ డబ్బాలు. విడగొట్టిన ప్రతి బోల్టూ, ప్రతి మరా, ప్రతి స్ప్రింగూ వాటిలో ఉన్నాయి. ఒక్కదాని మీదా చీటీ లేదు. మా మగాళ్ళకి ఇదొక రోగం. శనివారం పొద్దున కారు విప్పడం మొదలుపెడతారు, విప్పింది విప్పినట్టు డబ్బాలో పడేస్తారు, "రాసుకోవడం దేనికి, రేపేగా బిగించేది, గుర్తుంటుందిలే" అంటారు. ఆ రేపు రాదు.

"ఏ డబ్బాలో ఏముందో నాకు తెలుసు, కావాలంటే..." అని ఏదో చెప్పబోయాడు షూబెల్ గారు.

"మీరు కూర్చోండి, పెద్దాయనా. బస్సులు విప్పి బిగించిన చేతులివి. నేను చూసుకుంటా," అన్నాను.

ఆయన కర్ర ఊతంగా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

జూలై అంతా తుప్పు గీకాను. నేల రేకులు కోసి కొత్తవి అతికాను, బ్రేకులు మార్చాను, పెట్రోలు గొట్టాలు కొత్తవి వేశాను. అది నాకు తెలిసిన పని. ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి నా గొప్పలన్నీ దిగిపోయాయి. బోల్టులన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, కానీ ఒకటి బియ్యపుగింజంత పొడుగు ఎక్కువ, ఇంకొకటి తక్కువ. పొడుగుది తప్పు కన్నంలో బిగిస్తే లోపల పగులుతుంది. మూడు వారాలు ఆ డబ్బాలు నేల మీద గుమ్మరించి, మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ గుమ్మరించాను.

గ్లెన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవాడు. "ఏమోయ్ రెట్టా, పప్పులో రాళ్ళేరుతున్నావా?" అనేవాడు. రెంచి విసరబోయి ఆగాను. ఆగస్టు మూడో ఆదివారం, "ఆ ముసలాయన్నే అడగరాదూ. అడిగితే నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు. ఏం పోతుందో నాకు తెలుసు. అయినా వెళ్ళాను.

షూబెల్ గారు వంటింట్లో ఒక్కడే కూర్చుని ఒంటరి పేకాట ఆడుకుంటున్నాడు. విషయం చెప్పాను, క్షమించమని కూడా అడిగాను. ఆయన ముక్కలు పేరుస్తూనే ఉన్నాడు.

"నేను రాను. నా చెయ్యి పడితే అది అవదు, డ్రైవరమ్మా."

"అదేం మాట?"

అప్పుడు చెప్పాడు. ఆ కారు అసలు ఆయనది కాదు, ఆయన భార్య మార్లిస్‌ది. దుంపలు తవ్వే రోజులు కావడంతో తనకు తీరిక లేక, పొదుపు బండి ఒకటి చెప్పి రమ్మని ఆవిణ్ణి డీలర్ దగ్గరికి పంపాడట. ఆవిడ ఆర్డరు కాగితంలో అన్నిటికన్నా పెద్ద ఇంజన్ ఉన్న గడిలో టిక్కు పెట్టి, చేతి గేర్లు కావాలని కూడా చెప్పి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి కూర ఉడకేసిందట. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ కారుని ఆయన చేతికి ఇవ్వలేదు. శుక్రవారం సాయంత్రాలు కాలవ రోడ్డు మీద కుర్రకారునంతా ఓడించి, ఆదివారం పొద్దున అదే కారులో చర్చికి పాట పాడటానికి వెళ్ళేదట.

"తొంభై ఒకటిలో ఇంజన్‌లో కాస్త టక్‌టక్ మొదలైంది. మార్లిస్ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది, అది వచ్చేలోపు బాగుచేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నా. రెండు శనివారాల పనే కదా అని మొత్తం విప్పేశా."

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు."

"అంతే మరి. ఆ నెల్లోనే దానికి జబ్బని తేలింది. రెండేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆ పాక వైపు చూసి 'అయిందా?' అనేది. 'వచ్చే నెల' అనేవాణ్ణి. ఒక్కసారి కూడా కసురుకోలేదమ్మా. 'అయిందా' అనేది, అంతే. ఆఖరి ఆదివారం కూడా అడిగింది." ఆయన చేతిలో ముక్కలు బల్ల మీద పడ్డాయి. "నేను వచ్చే నెల అన్నా."

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపం కూడా వస్తుంది, ఏంచేయను, అలా పుట్టాను.

"బావుంది వరస! ఆవిడ రెండేళ్ళు అడిగితే మీరు ఇరవై ఏళ్ళు మూలిగారు. మీ చెయ్యి పడితే అవదంటే మరి ఇంజన్‌లో నూనె ఎవరు పోశారు, రకూన్లా? లేవండి. కోటు ఎలాగూ తొడుక్కునే ఉన్నారు."

లేచాడు.

ఆ రోజు నుంచి మా గరాజ్‌లో మడత కుర్చీ ఒకటి వెలిసింది. షూబెల్ గారు అందులో కూర్చుని, కళ్ళు మూసుకుని, డబ్బాలో చెయ్యి పెట్టి వేళ్ళతో తడిమేవాడు. "ఇది నీళ్ళ పంపుది. కింది కన్నం. ఇది దాని తోడుది కాదు, పక్కన పెట్టు." నలభై ఒక్క డబ్బాల్లో ఒక్కటీ తప్పు చెప్పలేదు. నేను బిగిస్తుంటే మాత్రం నోరు ఊరుకునేది కాదు. "అంత గట్టిగా బిగించకు, అది బస్సు కాదు." "మీరు బిగించిందేదీ లేదుగా, మీకేం తెలుసు?" అని నేను. "ఇద్దరికీ కలిపి ఒక బస్సుంటే బాగుణ్ణు, ఎక్కించి ఎక్కడైనా దింపి వచ్చేవాణ్ణి," అని గ్లెన్. అక్టోబర్లో దుంపల లారీలు రోడ్డు మీద బారులు తీరేసరికి ఇంజన్ కారులోకి చేరింది. ఒక్క వస్తువు మాత్రం దొరకలేదు, కుడి తలుపు అద్దం దించే పిడి. "ఎక్కడో ఉంటుందిలే," అన్నాడు షూబెల్ గారు, మొహం తిప్పుకుని. అద్దం పైకే ఉంది కదా అని నేనూ వదిలేశాను.

నవంబర్ ఎనిమిదిన తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గింది, మూడోసారి గర్జించింది. గరాజ్ గోడకున్న మేకులన్నీ వణికాయి. షూబెల్ గారు చెవులు మూసుకోలేదు, కళ్ళు మూసుకున్నాడు. నేను గంతులేశాను, యాభై తొమ్మిదేళ్ళ దాన్ని.

ఇల్లు అలకగానే పండగ కాదుగా. పావుగంటలో కింద నూనె మడుగు కట్టింది. ఇంజన్ వెనకపక్క నూనె కారకుండా ఆపే రబ్బరు కట్టుకి ఒక పెదవి ఉంటుంది, అది లోపలివైపు ఉండాలి. తొందరలో నేను బయటివైపు పెట్టాను. మొదటి ఏడాది నేర్చుకునేవాడు చేసే తప్పు! ఇంజన్ మొత్తం మళ్ళీ దింపాలి. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. షూబెల్ గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు.

పదిహేనున జింకల వేట మొదలైంది. ఊళ్ళో మగాళ్ళంతా అడవిలో ఉన్నారు, కావలసిన రబ్బరు తెప్పించే కొట్టు వాడితో సహా. నాలుగు రోజులు పోయాయి. అన్నీ మళ్ళీ బిగించేసరికి మంగళవారం, థాంక్స్‌గివింగ్‌కి రెండు రోజుల ముందు. ఆ పొద్దున్నే మంచు మొదలైంది. చివరి బోల్టు బిగిస్తుంటే రోడ్డు మీద పసుపు దీపం తిరుగుతూ లారీ వచ్చింది. ఉప్పు గింజలు టపటపా మా వాకిలి దాకా ఎగిరి పడ్డాయి.

ముగ్గురం గరాజ్ గుమ్మంలో నిలబడి చూశాం. ఆరు నెలలు గీకి, కోసి, అతికిన రేకు. ఇంకా రంగు కూడా పడలేదు, రంగుకి ముందు పూసే ఉత్త ప్రైమరే. ప్రైమర్ ఉప్పునీళ్ళని స్పంజిలా పీల్చుకుంటుంది. దాన్ని ఇప్పుడు బయటికి తీయడమంటే స్నానం చేయించిన బిడ్డని బురదలో వదలడమే. నా వల్ల కాదు. ఆ మాటే అన్నాను.

"నా వల్ల కాదు షూబెల్ గారూ. తప్పు నాదే. రబ్బరు సరిగ్గా పెట్టి ఉంటే పది రోజుల క్రితమే మీ వాకిట్లో ఉండేది."

"అయ్యో, దానికేం పర్వాలేదమ్మా," అన్నాడాయన నా భుజం తట్టి. ఎంత మెత్తగా అన్నాడో! "ఉప్పులో ఎవరు తీస్తారు? వసంతంలో తీద్దువుగాని. నేనొచ్చి చూస్తాగా. వచ్చే ఏప్రిల్లో."

రేపు జానిస్ వస్తుంది. ఈయన టెనెస్సీ వెళ్తాడు. వచ్చే ఏప్రిల్ అంటున్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు గానీ, అది ఏ గొంతో నాకు తెలిసిపోయింది. ప్రతి ఆదివారం మార్లిస్‌కి "వచ్చే నెల" అని చెప్పిన గొంతు అదే. ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఎక్కండి," అన్నాను.

"ఏంటీ?"

"కారెక్కండి! గ్లెన్, తలుపు పూర్తిగా తియ్!"

"రెట్టా, ఉప్పు..." అన్నాడు గ్లెన్.

"నాకు కళ్ళున్నాయి. తియ్!"

షూబెల్ గారు కదల్లేదు. తాళాలు ఆయన చేతిలో పెట్టబోతే వెనక్కి తగ్గాడు. "నాకొద్దు. అదెప్పుడూ ఆడదాని చేతి బండి. నువ్వే నడుపు," అన్నాడు. కర్రని ముందు లోపల పెట్టి, కుడివైపు ఎక్కి కూర్చున్నాడు.

రోడ్డెక్కగానే నేల రేకు కింద ఉప్పు గింజలు చిటపటలాడాయి. అబద్ధం చెప్పను, మొదటి అరమైలూ లోపల్లోపల తిట్టుకుంటూనే నడిపాను. ఆ తర్వాత కాలవ రోడ్డు తిన్నగా వచ్చింది.

"ఇక్కడ మార్లిస్ మూడో గేరు వేసేది," అన్నాడు.

వేశాను. వెనక్కి సీటుకి అతుక్కుపోయాం ఇద్దరం. ఆయన చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. నేనూ పెట్టాను. కోత కోసిన దుంపల పొలాలు తెల్లగా అటూ ఇటూ పరిగెత్తాయి.

లూథరన్ చర్చి మలుపు దగ్గర ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "కాస్త మెల్లగా పోనీ. ఆపొద్దు." చర్చి దాటితే కుడిపక్కన శ్మశానం. నేను రెండో గేరులోకి దించాను. ఆయన ఉన్ని కోటు జేబులోంచి ఏదో తీశాడు. చూస్తే అద్దం దించే పిడి! ఇరవై మూడేళ్ళుగా ఆ కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు మహానుభావుడు. దాన్ని తలుపుకున్న ములుకుకి నొక్కి పట్టి తిప్పాడు. అద్దం కిర్రుకిర్రుమంటూ కిందికి దిగింది. చలిగాలి కొట్టింది.

సమాధుల వైపు తల బయటపెట్టి, గొంతెత్తి అరిచాడు.

"అయిందే, మార్లిస్! అయింది!"

అద్దం పైకి ఎత్తలేదు. ఇంటిదాకా ఇద్దరం అలాగే మంచు మొహాన కొట్టించుకుంటూ వచ్చాం. వాళ్ళ వాకిట్లోకి తిప్పి ఆపాను. మాటంటే మాట. కోటు జేబు తడుముకుని, ఖాళీగా ఉందని చూసుకుని, ఆ పిడిని తలుపుకే వదిలేసి దిగాడు.

నేను ఇంటికొచ్చి కారుని జాకీల మీద ఎత్తి, వేణ్ణీళ్ళతో కింద మూలమూలా కడిగాను. చేతులు కొయ్యబారాయి. గ్లెన్ గొట్టం పట్టుకుని నిలబడి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాడు.

"తొక్కాల్సొచ్చింది," అన్నాను. "నీళ్ళు ఇటు కొట్టు, ఇక్కడింకా ఉప్పుంది."